పాఠకుల ప్రశ్నలు: శక్తి తగ్గిందా, అదుపు తప్పిందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో పెద్ద వయసువారి రోగనిరోధక వ్యవస్థ గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. ఒకదానితో ఒకటి ముడిపడినవి కనుక ఆరింటిని ఒకచోట చేర్చాను. మొదటి జవాబు పెద్దది. తక్కినవాటికి అదే పునాది కాబట్టి దాన్ని దాటవేయకుండా చదవమని మనవి.

ప్రశ్న: నా వయసు 67. నలభై ఏళ్లు, పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గరే గడిపాను. నాలుగేళ్లుగా చలికాలం వస్తే చాలు, దగ్గు పట్టుకుని నెలరోజులు వదలదు. వయసు పైబడింది కనుక రోగనిరోధక శక్తి తగ్గిందని ఒక డాక్టరుగారు చెప్పారు. కిందటి ఏడు నుంచి రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి, పొద్దున లేచాక గంటసేపు పిడికిలి ముడుచుకోదు. దానికి ఇంకొక డాక్టరుగారు, నా రోగనిరోధక వ్యవస్థ నా కీళ్ల మీదికే దండెత్తిందనీ, దాన్ని అణచాలనీ అన్నారు. తగ్గిపోయిన శక్తి దండెత్తడమేమిటి? ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి? మా బ్యారన్ భాషలో చెబితే ఇంకా సంతోషం.
— ఒక రైతు, కొండపి

జవాబు: ఇద్దరి మాటా నిజమే. చిక్కంతా ‘శక్తి’ అన్న మాటలో ఉంది. ఆ మాట వినగానే చెరువులో నీటిమట్టంలాగా పెరగడమో తగ్గడమో మాత్రమే తెలిసిన ఒక కొలత మనసులో మెదులుతుంది. రోగనిరోధక వ్యవస్థ అటువంటిది కాదు. అందులో దాడి చేసే కణాలున్నాయి, దాడిని ఆపే కణాలున్నాయి, పోరు ముగిశాక శిథిలాలను మింగి శుభ్రం చేసే కణాలున్నాయి. వయసు వీటిలో ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క తీరుగా మారుస్తుంది.

ముందు మీ దగ్గు సంగతి చూద్దాం. రొమ్ముటెముక వెనుక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. క్రిములను గుర్తుపట్టి పోరాడే తెల్ల రక్తకణాలలో ఒక రకమైన టీ కణాలు కొత్తగా శిక్షణ పొందేది అక్కడే. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుకల నుంచి దాన్ని తొలగించి చూసేదాకా అది దేనికి పనికివస్తుందో ఎవరికీ తెలియదు. యవ్వనం మొదలైనప్పటి నుంచే అది కుంచించుకుపోతూ, మీ వయసు వచ్చేసరికి చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. అందువల్ల ఇదివరకు ఎన్నడూ చూడని క్రిమిని ఎదుర్కోగల కొత్త కణాలు తక్కువై, ఎప్పుడో చూసిన క్రిములను గుర్తుపెట్టుకున్న పాత కణాలు ఎక్కువవుతాయి. దగ్గు నెలరోజులు లాగడానికి ఇది ఒక కారణం. వేళ్ల వాపు మాత్రం దీనితో తేలదు. దానికి ఒక్కొక్క కణం ఏమి తింటుందో, తిన్నదాన్ని ఎలా మండిస్తుందో చూడాలి.

బ్యారన్‌లోకి ఆకు ఎక్కించాక మొదట, అది పసుపు తిరిగేదాకా, సన్నని సెగ పెడతారు. ఈనె ఎండే దశ వచ్చేసరికి గట్టి మంట వేస్తారు. ఏ పూట ఎంత కర్ర వెయ్యాలో తెలియనివాడి చేతిలో బ్యారన్ మొత్తం చెడుతుందన్న సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. కణానికీ ఇటువంటి రెండు మంటలున్నాయి. ఒకటి గ్లూకోజును ఆక్సిజన్ అవసరం లేకుండా గబగబా విరగ్గొట్టడం. దీనిలో ఒక్కో గ్లూకోజు అణువుకు మిగిలేది రెండు ఏటీపీ అణువులే. ఏటీపీ అంటే కణం ఖర్చు పెట్టుకునే చిల్లర డబ్బు. రెండోది మైటోకాండ్రియా అనే చిన్న కొలిమిలో ఆక్సిజన్‌తో నిదానంగా మండించడం. దీనిలో అదే గ్లూకోజు నుంచి దాదాపు ముప్ఫై ఏటీపీలు వస్తాయి. ఈ కొలిమిలో కొవ్వును కూడా మండించవచ్చు.

పని లేనప్పుడు టీ కణం మైటోకాండ్రియా సన్నని సెగ మీద బతుకుతుంది. తన శత్రువు కనబడిందంటే గ్లూకోజును ఎన్నో రెట్లు మింగుతూ, దాన్ని గబగబా విరగ్గొట్టే మంటకు మారుతుంది. ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్నా సరే, సగం కాలిన గ్లూకోజును లాక్టేట్‌గా బయటికి నెట్టేస్తుంది. 1920లలో ఆటో వార్‌బర్గ్ క్యాన్సర్ కణాలలో మొదట గమనించిన వింత ఇదే. పైకి దుబారాగా కనిపించే ఈ పనికి అర్థం ఉంది. దాడికి దిగిన టీ కణం రోజుకు రెండు మూడుసార్లు చీలి రెట్టింపు కావాలి. దానికి వేడి ఒక్కటే చాలదు, కొత్త కణాలను కట్టడానికి ఇటుకలు కావాలి. పూర్తిగా కాలకుండా మిగిలిన గ్లూకోజు ముక్కలే ఆ ఇటుకలు. పోరు ముగిశాక ఈ కణాలలో చాలావరకు చచ్చిపోతాయి. జ్ఞాపకం కోసం మిగిలే కొద్దిపాటి కణాలు మళ్లీ సన్నని సెగకు, కొవ్వు వాడకానికి తిరిగి వస్తాయి.

దాడిని ఆపే కణాలను నియంత్రక టీ కణాలంటారు. జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి 1995లో వీటి ఉనికిని చూపించాడు. వీటిని తయారుచేసే ఫాక్స్‌పి3 అనే జన్యువును 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పట్టుకున్నారు. 2025 వైద్య నోబెల్ బహుమతి ఈ ముగ్గురికే వచ్చింది. రక్తంలోని సహాయక టీ కణాలలో ఇవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే అయినా, ఇవి లేని శిశువు సొంత ఒంటి మీదే జరిగే దాడికి బలైపోతుంది. ఈ కణాలు దాడి కణాలలాగా గ్లూకోజు మీద అంతగా ఆధారపడక మైటోకాండ్రియా కొలిమినే ఎక్కువగా నమ్ముకుంటాయి. అందుకే గ్లూకోజు తక్కువై లాక్టేట్ పేరుకున్న చోట దాడి కణాలు నీరసిస్తే ఇవి నిలబడగలుగుతాయి. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఒకే లేత టీ కణం ఎటు పోవాలో నిర్ణయించడంలోనూ ఈ తిండి లెక్కకు పాత్ర ఉంది. కణంలో ఎంటార్ అనే ప్రోటీన్ ఒకటి మేస్త్రిలాగా పనిచేస్తుంది. సరుకు దండిగా ఉంటే పని మొదలుపెట్టించి, లేకపోతే కూలీలను ఇంటికి పంపుతుంది. ఈ మేస్త్రి హుషారుగా ఉన్నప్పుడు లేత కణం దాడివైపు, మందగించినప్పుడు నియంత్రణవైపు మొగ్గుతుంది.

ఇప్పుడు వయసు దగ్గరికి వద్దాం. పాతబడిన మైటోకాండ్రియాను ఏరి కరిగించుకునే ఏర్పాటు కణంలోనే ఉంటుంది, కానీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ పని మందగిస్తుంది. చెడిపోయిన కొలుములు కణంలోనే ఉండిపోయి కారడం మొదలుపెడతాయి. బ్యారన్‌లో గొట్టానికి చిల్లు పడితే పొగ లోపలికి చేరి ఆకంతా కమరు వాసన పట్టినట్టే ఇదీ. కొలిమిలోని డీఎన్‌ఏ ముక్కలు కణద్రవంలోకి వస్తాయి. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట మైటోకాండ్రియా బ్యాక్టీరియాగా ఉండేది కనుక దాని డీఎన్‌ఏ ఇప్పటికీ ఆ పోలికలోనే ఉంటుంది. కణంలోని కాపలాదారు ప్రోటీన్లు ఆ ముక్కలను చూసి క్రిమి జొరబడిందనుకుని గంట కొడతాయి. క్రిమి లేకుండానే వాపు పుట్టించే రసాయనాలు రక్తంలో కలుస్తాయి. 2000లో ఇటలీకి చెందిన క్లాడియో ఫ్రాన్సెస్కి వృద్ధాప్యంలోని ఈ తక్కువ స్థాయి నిరంతర వాపుకు ‘ఇన్‌ఫ్లమేజింగ్’ అని పేరు పెట్టాడు. ఆరని సెగ అంటే మనకు సులువుగా అర్థమవుతుంది.

ఇది కేవలం ఊహ కాదనడానికి నాకు గట్టి సాక్ష్యంగా కనిపించేది 2020లో స్పెయిన్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగం. వాళ్లు టీ కణాలలో మాత్రమే మైటోకాండ్రియా డీఎన్‌ఏను కాపాడే ప్రోటీన్‌ను తీసేశారు. తక్కిన అవయవాల జోలికి పోలేదు. అయినా గుండె, కండరాలతో సహా ఆ ఎలుకల ఒళ్లంతా వయసుకు ముందే ముసలిదైపోయింది.

ఇక దాడి కణాల సంగతి. 2018లో ముసలి ఎలుకల లేత టీ కణాలను మేల్కొలిపి చూసిన పరిశోధకులకు, అవి లేవాల్సినంతగా లేవడం లేదనీ, వాటి కొలిమిలో డీఎన్‌ఏ ఇటుకలకు పనికివచ్చే, ఫోలేట్ అనే విటమిన్‌తో నడిచే దారి మందగించిందనీ తెలిసింది. కొరత పడిన సరుకులను పైనుంచి అందిస్తే అవి కొంత తేరుకున్నాయి కూడా. నియంత్రక కణాల సంఖ్య వయసుతో తగ్గకపోవచ్చు, పెరగవచ్చు కూడా. అయితే అందులో కొత్తవి తక్కువ, పాతవి ఎక్కువ. అవి అవసరమైన దాడిని అడ్డుకోవడమూ, ఆపవలసిన చోట పట్టు సడలడమూ రెండూ జరుగుతాయి. వయసులో ఉన్న కణం కావలసినప్పుడు భగ్గున మండి, పని కాగానే ఆరుతుంది. వయసైన కణం భగ్గున మండలేదు, పూర్తిగా ఆరనూ లేదు. మొదటి డాక్టరుగారు చూసింది మండలేకపోవడాన్ని, రెండోవారు చూసింది ఆరకపోవడాన్ని.

మీ విషయంలో రెండు మాటలు. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించాలి. ముఖ్యంగా కీళ్ల కోసం రోగనిరోధక వ్యవస్థను అణచే మందు మొదలుపెట్టక ముందే క్షయ లేదని తేల్చుకోవాలి. మీరు చుట్టగానీ బీడీగానీ తాగుతారో లేదో రాయలేదు. పొగాకు పొగ ఊపిరితిత్తులలోని ప్రోటీన్లను మార్చి, రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా భ్రమించేట్టు చేసి, అది కీళ్ల మీదికి దండెత్తే కీళ్లవాతానికి దారి తీయవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. పండించినవారికి ఈ మాట చెప్పవలసిరావడం కష్టంగానే ఉంది, అయినా చెప్పక తప్పదు.

ప్రశ్న: మా అమ్మకు 72 ఏళ్లు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే మాత్ర వారానికి ఒకటి వేసుకోమన్నారు. అది క్యాన్సర్ మందని మందుల షాపులో ఎవరో అన్నారట, అప్పటి నుంచి అమ్మ ముట్టుకోవడం లేదు. ఆ మాట నిజమేనా?
— ఒక గృహిణి, కందుకూరు

జవాబు: నిజమే, కానీ సగం నిజం. ఈ మందు పుట్టుకలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను, అంటే పై జవాబులో చెప్పిన ఫోలేట్ విటమిన్‌ను, తయారుచేసింది. ఆ తర్వాత ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకదాన్ని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించాడు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. పెద్ద మోతాదులో అది కణం చీలకుండా ఆపుతుంది. వారానికి ఒకసారి వేసుకునే చిన్న మోతాదులో జరిగేది వేరు.

ఆ వేరు ఏమిటో చెప్పకుండా ఉండలేను. పై జవాబులో ఏటీపీ అన్నాను కదా, 1929లో దాన్ని కండరాలలో కనుగొన్నవారిలో సుబ్బారావు, ఆయన గురువు సైరస్ ఫిస్క్ ఉన్నారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు విడిగా కనుగొన్నాడు. ఏటీపీ కణం లోపల ఉన్నంతసేపు చిల్లర డబ్బు. కణం పగిలి బయటికి ఒలికితే అది ప్రమాద సూచన, వాపు మొదలుపెట్టమని పిలుపు. నియంత్రక టీ కణాల మీద ఉండే ఎంజైములు ఆ ఒలికిన ఏటీపీని తునకలు చేసి చివరికి అడెనోసిన్‌గా మారుస్తాయి. అడెనోసిన్ చెప్పేది దానికి సరిగ్గా వ్యతిరేకం, శాంతించమని. చిన్న మోతాదు మెథోట్రెక్సేట్ చేసే పనులలో ముఖ్యమైనదిగా భావిస్తున్నది, కణాల వెలుపల ఈ అడెనోసిన్‌ను పెంచడం. అంటే నియంత్రక కణాలు చేసే పనికే అది తోడుపడుతుంది. ఏటీపీని గుర్తించిన మనిషి ప్రయోగశాల నుంచే, ఆ ఏటీపీ తునకను సాధనంగా చేసుకున్న మందు కూడా రావడం సుబ్బారావుగారికి తెలిసే అవకాశం లేకపోయింది. ఆయన 1948లోనే కన్నుమూశారు. అమెరికాలో కీళ్లవాతానికి ఈ మందును అనుమతించింది 1988లో.

అమ్మగారికి ధైర్యం చెప్పి మళ్లీ మొదలుపెట్టించండి. ఒక్క విషయంలో మాత్రం ఏమరుపాటు తగదు. ఈ మాత్ర వారానికి ఒకే రోజు. పొరపాటున రోజూ వేసుకున్నవారు ప్రాణాలమీదికి తెచ్చుకున్నారు. ఇంట్లో క్యాలెండరు మీద ఆ రోజు చుట్టూ గుండ్రంగా గీసి, మాత్రలు మీ దగ్గరే ఉంచుకోండి. డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ వేరే రోజున వేయండి. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చెప్పిన గడువుకు చేయించండి.

ప్రశ్న: రాపామైసిన్, మెట్‌ఫార్మిన్ వాడితే రోగనిరోధక వ్యవస్థకు వయసు తగ్గుతుందని వీడియోలలో చూస్తున్నాను. నాకు 63, షుగరు లేదు. వాడవచ్చా?
— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, నెల్లూరు

జవాబు: వాడకండి. కారణం చెబుతాను.

రాపామైసిన్ 1964లో ఈస్టర్ దీవి నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి తయారుచేసే పదార్థం. దాన్ని వెలికితీసి వదలకుండా పట్టుకున్నది భారతీయ మూలాలున్న సురేంద్రనాథ్ సెహగల్. అది పైన చెప్పిన మేస్త్రిని, అంటే ఎంటార్‌ను, పడుకోబెడుతుంది. 2009లో, మనిషి లెక్కలో అరవై ఏళ్లు దాటిన ఎలుకలకు పెడితే గరిష్ఠ ఆయువు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరిగింది. 2014లో ఇదే కుటుంబపు మందును 65 దాటిన పెద్దలకు చిన్న మోతాదులో కొన్ని వారాలు ఇచ్చి ఆపి, ఆ తర్వాత ఫ్లూ టీకా వేస్తే, టీకాకు స్పందన సుమారు 20 శాతం మెరుగైంది. ఇక్కడిదాకా వీడియోలు చెబుతాయి. ఎంటార్‌ను అడ్డుకునే ఇంకొక మందును పెద్దలకు ఊపిరితిత్తుల జబ్బులు రాకుండా పనికివస్తుందేమోనని పెద్ద ఎత్తున పరీక్షిస్తే 2019లో అది విఫలమైందని మాత్రం చెప్పవు. పైగా రాపామైసిన్ 1999 నుంచి అమెరికాలో మూత్రపిండం మార్పిడి చేసినవారికి రోగనిరోధకాన్ని అణచడానికి ఇస్తున్న మందు. మోతాదు మారితే ఒకే మందు రెండు వైపులా లాగుతుంది. ఏ మనిషికి ఎంత మోతాదు ఎటు లాగుతుందో చెప్పగల స్థితిలో మనమింకా లేము.

మెట్‌ఫార్మిన్ సంగతి కొంత నయం, ఎన్నో దశాబ్దాల వాడకం ఉన్న మందు. షుగరు ఉన్నవారు డాక్టరు సలహాతో వాడుకోవచ్చు. షుగరు లేనివారికి మాత్రం ఒక ఇబ్బంది ఉంది. 2019లో వచ్చిన పరిశోధనలో, బరువులెత్తే వ్యాయామం చేసిన పెద్దలలో మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారికి కండరాలు తక్కువగా పెరిగాయి. మీ వయసులో కండ పోగొట్టుకుని మాత్ర మింగడం నాకు లాభసాటి బేరంగా తోచలేదు.

ప్రశ్న: ఇమ్యూనిటీ పెంచే పొడి అని డబ్బా 900 రూపాయలకు కొన్నాము. మావారికి 70. రోజూ పాలల్లో కలిపి ఇవ్వవచ్చా?
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: పెద్ద వయసులో లోపల సెగ ఆరక బాధపడుతుంటే, దేన్ని పెంచుతుందో చెప్పని పొడి మనకెందుకమ్మా? వీటిలో చాలావాటికి మంచీ లేదు, చెడూ లేదు, ఖర్చు తప్ప. లేబులు లేని కీళ్లనొప్పుల పొట్లాలు మాత్రం వేరు. వాటిలో స్టెరాయిడ్ కలిపి అమ్మిన ఉదంతాలు వైద్యులకు కొత్తవి కావు.

ఆ 900తో చేపలు, గుడ్లు, పెసలు కొనండి. పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు ఒక గ్రాము ప్రోటీన్ అయినా అందాలి. మన ఇళ్లలో పెద్దవాళ్లు పళ్లు లేవనో ఆకలి లేదనో చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు, అందులో ఆ లెక్క కుదరదు. రెండోది నడక. 2018లో 55 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న 125 మంది సైకిలు తొక్కేవారిని పరీక్షిస్తే, థైమస్ నుంచి కొత్తగా వచ్చిన టీ కణాలు వాళ్లలో పడుచువారికి దగ్గరగా ఉన్నాయి. వాళ్లు దశాబ్దాల తరబడి దూరాలు తొక్కినవాళ్లు. రోజూ చెరువు గట్టు మీద అరగంట నడిస్తే అంత ఫలితం వస్తుందని నేను చెప్పను. అయితే పనిచేసే కండరం మైటోకాండ్రియాను కొత్తగా కట్టుకుంటుంది, టీ కణాలను బతికించే సంకేతాలను రక్తంలోకి వదులుతుంది. ఈ పని చేసే పొడి ఏదీ ఇంతవరకు లేదు.

ప్రశ్న: గ్రానైట్ పాలిషింగులో ఇరవై ఏళ్లు చేశాను. దుమ్ము వల్ల కూడా ఇటువంటి వాపు వస్తుందా?
— ఒక కార్మికుడు, చీమకుర్తి

జవాబు: వస్తుంది. ఊపిరితిత్తులలోని భక్షక కణాలు సిలికా రేణువును మింగుతాయి కానీ అరిగించుకోలేవు. రేణువు కణం లోపలి సంచిని చీల్చుతుంది, ప్రమాద గంట మోగుతుంది, కణం చచ్చి రేణువు బయటపడుతుంది, దాన్ని ఇంకొక కణం మింగుతుంది. ఈ చక్రం పని మానేశాక కూడా ఆగదు. సిలికా దుమ్ము పీల్చినవారిలో క్షయ, కీళ్లవాతం రెండూ ఎక్కువ. నీళ్లు చల్లుతూ కోయడం, సరైన మాస్కు తప్పనిసరి. ముఖానికి చుట్టుకునే తువ్వాలు ఈ సన్నని దుమ్మును ఆపలేదు. ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి.

ప్రశ్న: మా అత్తగారికి 81. మొన్న న్యుమోనియా అని ఆస్పత్రిలో చేర్చాము. ఒళ్లు ముట్టుకుంటే చల్లగానే ఉంది, జ్వరమే రాలేదు. ఇంతకు ముందే ఎలా గుర్తించాలి?
— ఒక కోడలు, ఉదయగిరి

జవాబు: జ్వరం కూడా రోగనిరోధక కణాలు ఖర్చు పెట్టి తెచ్చేదే. భగ్గున మండలేని వయసులో కొందరికి అది రాదు. నిన్నటిదాకా మనుమల పేర్లు చెప్పి ఈ రోజు తడబడడం, ముద్ద వద్దనడం, ఉన్నట్టుండి తూలి పడడం, పగలంతా మగతగా ఉండడం, నిమిషానికి ఇరవై అయిదుసార్ల కంటే ఎక్కువ ఊపిరి తీయడం: వీటిలో ఏది కనిపించినా థర్మామీటరు కోసం చూడకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లండి. ఆరోగ్యంగా ఉన్న రోజున థర్మామీటరు పెట్టి ఆమె మామూలు వేడి ఎంతో రాసి ఉంచుకోండి. దానిమీద రెండు ఫారన్‌హీట్ డిగ్రీలు పెరిగినా ఆమెకు అది జ్వరమే. కోలుకున్నాక న్యుమోనియా టీకా, ఏటా ఫ్లూ టీకా గురించి అడగండి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి ఉంటుంది కనుక, ఆ వైరసే నరాలలో దాక్కుని మళ్లీ లేచి వచ్చే సర్పికి కూడా టీకా ఉంది. దాన్ని రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండుసార్లు వేయించాలి, ఖరీదు ఎక్కువే.